జ్వాలా పరీక్ష చేయడం ఎలా? ముందు ఉప్పును తప్పించుకోవాలి

పప్పును కుక్కర్లో కాకుండా గిన్నెలో ఉడికించే ఇళ్లలో ఈ ప్రయోగం అప్పుడప్పుడూ దానంతట అదే జరిగిపోతుంది. ఉప్పు వేసిన పప్పు పొంగి, గిన్నె అంచు మీదుగా జారి బర్నర్ మీద పడుతుంది. చుయ్‌మని శబ్దం వస్తుంది. అప్పటిదాకా నీలంగా మండుతున్న మంటలో ఆ పక్క మాత్రం పసుపు నాలుకలు లేస్తాయి. గ్యాస్ అయిపోవస్తోందేమోనని సిలిండర్ వైపు చూసేవాళ్లూ ఉన్నారు. సిలిండర్‌కు ఏమీ కాలేదు. ఆ పసుపు ఉప్పులోని సోడియానిది.

ఇంటర్ రెండో సంవత్సరం ప్రాక్టికల్స్‌లో నాకు ఇచ్చిన లవణానికి జ్వాలా పరీక్ష, అంటే లవణాన్ని మంటలో పెట్టి వచ్చే రంగును బట్టి అందులోని లోహాన్ని గుర్తించే పరీక్ష, చేస్తే పసుపు వచ్చింది. తీగ కడిగి మళ్లీ చేశాను, మళ్లీ పసుపే. టెన్షన్‌లో రికార్డు తిరగేస్తే మేం గుర్తించాల్సిన లోహాల పట్టికలో సోడియం అసలు లేనే లేదు! ల్యాబ్ అటెండర్ నా చెయ్యి చూసి, "తీగ కొసను వేళ్లతో పట్టుకున్నావా బాబూ?" అని అడిగాడు. పట్టుకున్నాను. నా చెమటలోని ఉప్పునే నేను అరగంటసేపు పరీక్షించాను.

అందుకే ఈ మార్గదర్శిలో రంగుల పట్టిక కంటే సోడియాన్ని దూరంగా పెట్టడం గురించే ఎక్కువ చెప్తాను. రంగుల పట్టిక ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉంటుంది. అది కంఠతా వచ్చినవాళ్లకు కూడా మంటలో ఆ రంగు రాకపోవడానికి కారణం చాలాసార్లు ఈ ఉప్పే.

రంగు ఎక్కడి నుంచి వస్తుంది

ముందుగా ఒక అపోహ పోవాలి. మంటలో ఉప్పు కాలదు. దాన్ని మంట ఆవిరి చేస్తుంది, ఆవిరిలో లోహ పరమాణువులు విడివడతాయి, అవి వెలుగుతాయి. పొడి రంగుకూ మంట రంగుకూ సంబంధం లేదు. తెల్లటి ఉప్పు పసుపుగా, నీలి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్, రాగి లవణం) ఆకుపచ్చగా వెలుగుతాయి.

పరమాణువులో ఎలక్ట్రాన్‌కు ఉండే శక్తి స్థాయిలు హార్మోనియం మెట్ల లాంటివి. ఈ మెట్టు నొక్కితే ఈ స్వరం, పక్క మెట్టు నొక్కితే ఆ స్వరం, రెండింటి మధ్య స్వరం పలకదు. సోడియం చివరి ఎలక్ట్రాన్ మంట వేడికి పై స్థాయికి ఎగురుతుంది. అక్కడ సుమారు 16 నానోసెకన్లు ఉండి కిందికి దిగుతుంది. దిగేటప్పుడు 2.1 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని వెలుగు రూపంలో వదులుతుంది. ఆ వెలుగు తరంగదైర్ఘ్యం 589 నానోమీటర్లు, అంటే మన కంటికి పసుపు. నిజానికి ఆ వెలుగును రంగులుగా విడదీసి చూస్తే అక్కడ 589.0, 589.6 అని రెండు సన్నని గీతలు జంటగా ఉంటాయి. ఒక్కో లోహానికి మెట్ల అమరిక వేరు కాబట్టి రంగూ వేరు.

నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే లెక్క ఒకటుంది. సుమారు 2000 కెల్విన్ల మంటలో ఏ క్షణంలో చూసినా పై మెట్టు మీద ఉండే సోడియం పరమాణువులు దాదాపు లక్షకు ఒకటి. మిగతావన్నీ కింద ఊరికే కూర్చుని ఉంటాయి. లక్షలో ఒక్కటి పలికితేనే మంట మొత్తం పసుపైపోతుంది. సోడియం ఎంత మొండిదో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇంకో సంగతి, తరగతిలో సాధారణంగా చెప్పనిది. సోడియం, పొటాషియం, లిథియం విషయంలో వెలిగేవి విడి పరమాణువులే. కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం, రాగి విషయంలో మాత్రం మనకు కనిపించే రంగులో పెద్ద వాటా మంటలోనే పుట్టి మంటలోనే పోయే చిన్న అణువులది. కాల్షియం హైడ్రాక్సైడ్ తునక, స్ట్రాన్షియం క్లోరైడ్ తునక, బేరియం క్లోరైడ్ తునక, ఇలాంటివి. ఇవి స్థిరమైన పదార్థాలు కావు, సీసాలో పోసి పెట్టుకోలేం. ల్యాబ్‌లో లవణాన్ని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ముద్ద చేయమనడం ఇందుకే. క్లోరైడ్లు తేలిగ్గా ఆవిరవుతాయి, పైగా రంగు ఇచ్చే ఆ తునకలకు కావలసిన క్లోరిన్ కూడా వాటిలోనే దొరుకుతుంది.

మెగ్నీషియం, జింక్ ఈ పరీక్షకు దొరకవు. వాటి ముఖ్యమైన గీతలు అతినీలలోహితంలో ఉంటాయి, మన కంటికి ఆనవు. మతాబుల్లో మెగ్నీషియం ఇచ్చే తెల్లని వెలుగు వేరే రకం. అది కాలాక ఏర్పడిన ఆక్సైడ్ కణాలు వేడికి తెల్లగా మెరవడం.

మొదలుపెట్టే ముందు

మిథనాల్‌లో లవణాలు కలిపి గిన్నెల్లో వెలిగించే 'ఇంద్రధనుస్సు మంటలు' వీడియోలు చాలానే కనిపిస్తాయి. చూడ్డానికి బాగుంటాయి. ఆ పని మాత్రం చేయకండి. మంట ఆరిందనుకుని సీసాలోంచి ఇంకాస్త పోస్తే ఆవిరి అంటుకుని, సీసా మూతి నుంచి మంట ఎదురుగా ఉన్న పిల్లల మీదికి చిమ్ముతుంది. ఇతర దేశాల్లో తరగతి గదుల్లోనే ఇలా పిల్లలు తీవ్రంగా కాలిపోయారు. శానిటైజర్‌తోనూ అదే ప్రమాదం. ఇక్కడ చెప్పే పద్ధతిలో తీగ కొసన గింజంత లవణం చాలు.

వంటగదిలో వద్దు. వరండాలోనో డాబా మీద గాలి తగలని మూలలోనో, చీకటి పడ్డాక, పెద్దవాళ్లు ఒకరు పక్కన ఉండగా చేయండి. నూలు బట్టలు వేసుకోండి, చున్నీ, పైట లాంటివి బిగించుకోండి, జుట్టు ముడి వేయండి, కళ్లద్దాలు పెట్టుకోండి, పక్కన బకెట్ నీళ్లు ఉంచండి. మైలుతుత్తం విషం. దాన్ని ముట్టుకున్న చెంచా మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు. టపాసులు విప్పి మందు తీయడం, సూరేకారం కలపడం అనే ఆలోచనే రానీయకండి. సూరేకారం మంటకు ఆజ్యం లాంటిది. మరిగే నీళ్లతో, నిప్పుతో పని కాబట్టి పిల్లలను ఒంటరిగా వదలకండి.

మొదటి మెట్టు: తీగ

పుస్తకంలో ప్లాటినం తీగ అని ఉంటుంది. దాని ధర చూస్తే ల్యాబ్‌లో ఎందుకు తాళం వేసి పెడతారో అర్థమవుతుంది. నైక్రోమ్ తీగ సరిపోతుంది. ఎలక్ట్రికల్ షాపులో పాత తరహా కరెంటు పొయ్యికి వేసే కాయిల్ అడగండి, అదే నైక్రోమ్. వేలెడు ముక్క కత్తిరించి, సాగదీసి తిన్నగా చేసి, ఒక కొసన బాల్‌పెన్ రీఫిల్ చుట్టంత చిన్న ఉంగరం చుట్టండి. రెండో కొసను పట్టకారుతో పట్టుకోవాలి. రాగి తీగ వాడితే అదే ఆకుపచ్చ ఇస్తుంది. ఇక ఇనుప బైండింగ్ తీగ నిప్పురవ్వలు రాలుస్తుంది. రెండూ పనికిరావు.

ఇప్పుడు శుభ్రం చేయడం. ఇది ఓపికతో చేయాల్సిన పని. ల్యాబ్‌లో అయితే ఉంగరాన్ని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి మంటలో ఎర్రగా కాలుస్తారు, మంటకు రంగు రాకుండా పోయేదాకా మళ్లీ మళ్లీ చేస్తారు. ఇంట్లో ఆ ఆమ్లం వద్దు. బాత్‌రూమ్ యాసిడ్ అసలే వద్దు. డిస్టిల్డ్ వాటర్ చాలు, ఇన్వర్టర్ బ్యాటరీకి పోసేది. ముంచండి, ఎర్రగా కాల్చండి, మళ్లీ ముంచండి. మొదటిసారి మంట పసుపుతో భగ్గుమంటుంది. నాలుగైదు సార్లకు తగ్గుతుంది. ఎనిమిది, పది సార్లకు తీగ ఎర్రగా ఉన్నా మంట నీలంగానే నిలుస్తుంది. అప్పుడే తీగ సిద్ధం. ఆ తర్వాత ఉంగరాన్ని వేలితో ముట్టుకున్నారా, మళ్లీ మొదటికి.

కుళాయి నీళ్లు, బోరు నీళ్లు ఎందుకు వద్దంటే వాటిలో సోడియం, కాల్షియం రెండూ ఉంటాయి. అనుమానమైతే ముందు బోరు నీళ్లలో ముంచి కాల్చి చూడండి, ఆ తేడా మీకే కనిపిస్తుంది.

రెండో మెట్టు: మంట

కొవ్వొత్తి పనికిరాదు. దాని పసుపు సోడియానిది కాదు, సగం కాలిన మసి కణాలు వేడికి మెరుస్తున్న వెలుగు. ఆ వెలుగులో ఏ లోహం రంగైనా మునిగిపోతుంది. మనకు రంగులేని మంట కావాలి. ల్యాబ్‌లో బున్సెన్ బర్నర్ గాలి రంధ్రం తెరిచి నీలి మంట పెడతారు. ఇంట్లో అయితే నిటారుగా నిలబెట్టగలిగే చిన్న బ్యూటేన్ టార్చ్ మంచిది. స్పిరిట్ ల్యాంపు వేడి కొంచెం తక్కువ, పొటాషియం, బోరిక్ పౌడర్ వరకు పర్వాలేదు.

నీలి మంటలో లోపల ఒక ముదురు శంకువు కనిపిస్తుంది. దాని కొనకు కాస్త పైన, బయటి అంచులో మంట బాగా వేడిగా ఉంటుంది. ఉంగరాన్ని మధ్యలోకి దూర్చకుండా ఆ అంచుకు తాకించండి. రంగు తీగ మీద కాదు, తీగ నుంచి పైకి లేచే ఆవిరి తోకలో చూడాలి.

మూడో మెట్టు: పొటాష్‌ను శుభ్రం చేయడం

పొటాషియం కోసం ఎరువుల కొట్టుకు వెళ్లండి. రైతులు పొటాష్ అని పిలిచే ఎం.ఓ.పి. (మ్యూరియేట్ ఆఫ్ పొటాష్) పొటాషియం క్లోరైడే. ఎర్రగా, ఇటుక పొడిలా ఉంటుంది. ఆ ఎరుపు కొద్దిపాటి ఇనుము ఆక్సైడ్‌ది. అసలు చిక్కు అది కాదు, అందులో కలిసి ఉన్న మామూలు ఉప్పు. దాన్నలాగే మంటలో పెడితే పసుపు తప్ప ఏమీ కనిపించదు.

వేరు చేయడానికి ఈ రెండింటి కరిగే గుణంలోని తేడా పనికొస్తుంది. 100 మిల్లీలీటర్ల నీళ్లలో పొటాషియం క్లోరైడ్ 100 డిగ్రీల దగ్గర సుమారు 56 గ్రాములు కరుగుతుంది, 20 డిగ్రీల దగ్గర 34 గ్రాములే. మామూలు ఉప్పు వేడి నీళ్లలోనూ చల్లటి నీళ్లలోనూ దాదాపు ఒకేలా, 36 నుంచి 39 గ్రాములు కరుగుతుంది. అంటే వేడి ద్రావణాన్ని చల్లారనిస్తే పొటాషియం క్లోరైడ్ పలుకులుగా అడుగుకు దిగుతుంది, కొద్దిగా ఉన్న ఉప్పు నీళ్లలోనే ఉండిపోతుంది.

100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ మరిగించి 50 గ్రాముల పొటాష్ కలపండి. వేడిగా ఉన్నప్పుడే దూది గానీ నాలుగు మడతల గుడ్డ గానీ పెట్టి వడకట్టండి, ఎర్ర మడ్డి పైన ఆగిపోతుంది. గది వేడికి చల్లారాక మంచు నీళ్ల గిన్నెలో పెట్టండి. మెరిసే తెల్లటి పలుకులు పేరుకుంటాయి. నీళ్లు వంపేసి, చల్లటి డిస్టిల్డ్ వాటర్ ఒకే ఒక్క చెంచా పోసి కడగండి. ఎక్కువ పోస్తే పలుకులే కరిగిపోతాయి. ఇదంతా రెండోసారి చేస్తే ఇంకా మంచిది.

నాలుగో మెట్టు: వరుస ముఖ్యం

పరీక్షించాల్సిన క్రమం: పొటాషియం, బోరిక్ పౌడర్, మైలుతుత్తం, కాల్షియం, అన్నిటికంటే చివర ఉప్పు. ఉప్పు ముందు చేస్తే అక్కడ ఆ సాయంత్రానికి ఇంకో రంగు చూడటం కష్టం. తడి ఉంగరాన్ని పలుకులకు తాకించి, అంటుకున్నంత మాత్రమే మంటలో పెట్టండి. ప్రతి లవణం తర్వాత తీగను మళ్లీ మొదటి మెట్టులోలా కాల్చాలి. ఒక్కో లవణానికి ఒక్కో తీగ ఉంటే ఈ బాధ సగం తగ్గుతుంది.

పొటాషియం లేత ఊదా ఇస్తుంది, వంకాయ పువ్వు రంగు. అది రెండు మూడు సెకన్లు ఉండి పోతుంది, చూపు తిప్పితే దొరకదు. ఇంత నీరసంగా ఉండటానికి కారణం దాని బలమైన గీతలు 766.5, 769.9 నానోమీటర్ల దగ్గర ఉండటం. అది మన కంటికి అందే ఎరుపుకు చిట్టచివరి అంచు. పసుపు ఇంకా కలుస్తుంటే కోబాల్ట్ నీలి గాజులోంచి చూడండి. ఆ గాజు సోడియం పసుపును మింగేస్తుంది, పొటాషియం ఎర్రటి ఊదాగా బయటపడుతుంది. సైన్స్ పరికరాల కొట్లలో చిన్న పలక దొరుకుతుంది.

క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడర్ చాలా బ్రాండ్లలో బోరిక్ ఆమ్లమే. కొన్నిట్లో పిండి పదార్థం ఉంటుంది కాబట్టి డబ్బా మీద చదవండి. అందులోని బోరాన్ వల్ల మంట అంచులకు చిలకాకుపచ్చ వస్తుంది. వెలిగారంలోనూ బోరాన్ ఉందిగా అని అది వాడితే, అందులోని సోడియం ముందుకొచ్చి పసుపు చూపించి వెళ్తుంది.

మైలుతుత్తం పలుకు ఒక్కటంటే ఒక్కటి. పచ్చలు పొదిగినట్టు ఆకుపచ్చ మంట, కింద నీలి ఛాయ. ఇప్పుడు ఇందాక శుభ్రం చేసిన పొటాషియం క్లోరైడ్‌ను రెండు పలుకులు దానికి కలిపి మళ్లీ పెట్టండి. నీలం పెరుగుతుంది. క్లోరిన్ దొరికిన రాగి, కాపర్ క్లోరైడ్ తునకగా మారి నీలంగా వెలుగుతోంది. వేడి మరీ ఎక్కువైతే ఆ తునక విడిపోతుంది. బాణసంచా తయారుచేసేవాళ్లకు అన్నిటికంటే కష్టమైన రంగు నీలం అనడానికి కారణం ఇదే.

కాల్షియానికి బీరువాల్లో తేమ పీల్చడానికి పెట్టే డబ్బాలోని తెల్లటి పలుకులు తీసుకోండి, చాలావాటిలో ఉండేది కాల్షియం క్లోరైడ్. లేదంటే గుడ్డు పెంకును వెనిగర్‌లో ఒక రాత్రి నానబెట్టి ఆ నీళ్లను ఆరబెట్టండి. మెరుపులా ఇటుక ఎరుపు వచ్చి, వెంటనే నారింజలోకి జారుతుంది. మొదటి సెకను మాత్రమే లెక్కలోకి తీసుకోండి, తర్వాత వచ్చేది చాలావరకు సోడియమే.

ఫోన్‌తో తీసేటప్పుడు ఒక చిట్కా. కెమెరా దానంతట అది వెలుతురు పెంచుకుంటే రంగులన్నీ తెల్లబోతాయి. మంట మీద వేలు పెట్టి ఫోకస్ లాక్ చేసి, ఎక్స్‌పోజర్ బాగా కిందికి లాగండి.

ల్యాబ్‌లో మాత్రమే చేయాల్సినవి

స్ట్రాన్షియం, బేరియం, లిథియం ఇంట్లో వద్దు. నీళ్లలో కరిగే బేరియం లవణాలు విషం. టపాసుల్లో ఆకుపచ్చకు వాడే బేరియం లవణాలను సుప్రీంకోర్టు 2018లో నిషేధించింది కూడా.

సాల్ట్ అనాలిసిస్‌లో (ఇచ్చిన లవణంలో ఏముందో కనిపెట్టే ప్రాక్టికల్‌లో) విద్యార్థులు తికమకపడేది ఎక్కువగా ఎరుపుల దగ్గరే. కాల్షియం ఇటుక ఎరుపు త్వరగా వచ్చి త్వరగా పోతుంది. స్ట్రాన్షియం కుంకుమ ఎరుపు, కాసేపు నిలుస్తుంది, మళ్లీ ఆమ్లంలో ముంచి పెడితే మళ్లీ వస్తుంది. బేరియం లేత ఆకుపచ్చకు ఓపిక కావాలి. రంగు రాలేదని అర నిమిషంలోపే తీగ తీసేసేవాళ్లు దాన్ని చూడలేరు. ఇచ్చిన లవణం బేరియం సల్ఫేట్ అయితే ఆమ్లానికి కూడా లొంగదు, ముందు దాన్ని మంట లోపలి శంకువులో కాసేపు కాల్చి, తర్వాత ఆమ్లంలో ముంచాలి.

ఐదో మెట్టు: పాత సీడీతో గీతలు చూడటం

కన్ను మోసపోతుంది, గీతలు మోసపోవు. ఒక చెప్పుల అట్టపెట్టె, పాత సీడీ, రెండు బ్లేడు ముక్కలు తీసుకోండి. పెట్టె చిన్న వైపున అడ్డంగా చీలిక కోసి, రెండు బ్లేడు అంచులు వెంట్రుకంత సందు వదిలి ఎదురెదురుగా అంటించండి. ఎదుటి కొసన సీడీని, మెరిసే వైపు చీలికకు కనపడేలా, అడుగుతో 60 డిగ్రీల కోణంలో పైవైపు వెనక్కి వాల్చి నిలబెట్టండి. చీలికకు ఎదురుగా వచ్చే చోట సీడీ మీది గాళ్లు (కంటికి ఆననంత సన్నని చాళ్లు) అడ్డంగా ఉండాలి, అంటే మధ్య రంధ్రానికి సరిగ్గా పైనో కిందో ఉన్న భాగం. సీడీకి నేరుగా పైన మూతలో చిన్న రంధ్రం చేసి అందులోంచి కిందికి చూడండి. కొద్దిగా అటూ ఇటూ కదిపితే పట్టీ కనిపిస్తుంది. సీడీలో గాళ్ల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు కాబట్టి ఈ కోణం కుదురుతుంది. డీవీడీలో 0.74, దానికి ఈ లెక్క పనికిరాదు.

ముందు కొవ్వొత్తి చూడండి. తెగకుండా సాగిన ఇంద్రధనుస్సు కనిపిస్తుంది. తర్వాత ఉప్పు మంట చూడండి. చీకట్లో ఒకే ఒక్క పసుపు గీత. కంటికి రెండూ పసుపే, పెట్టెలో మాత్రం పోలికే లేదు. ఆ గీత నిజానికి జంట అని ఈ పెట్టె చూపించలేదు, అంత సన్నని తేడా దానికి అందదు.

ఇదే పనిని జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో బున్సెన్, కిర్చాఫ్ అనే శాస్త్రవేత్తలు గాజు పట్టకంతో (ప్రిజంతో) చేశారు. గదిలో ఒక మూల 3 మిల్లీగ్రాముల సోడియం క్లోరేట్‌ను పేల్చి, దూరంగా ఉన్న మంటను చూస్తే కొద్ది నిమిషాల్లో పసుపు గీత లేచింది. మిల్లీగ్రాములో 30 లక్షల వంతు సోడియం కూడా కనిపిస్తుందని లెక్క కట్టారు. నా చెమట ఏపాటి! 1860లో డ్యుర్క్‌హైమ్ అనే ఊరి ఊటనీళ్లలో ఎవరికీ తెలియని నీలి గీతలు చూసి సీజియం అనే లోహాన్ని, మరుసటి ఏడు ముదురు ఎరుపు గీతలతో రుబీడియాన్ని కనిపెట్టారు. 44 టన్నుల ఊటనీళ్లు ఇంకిస్తే చేతికొచ్చింది సుమారు 7 గ్రాముల సీజియం క్లోరైడ్.

ఆ పెట్టెలాంటి పరికరమే 1868 ఆగస్టు 18న గుంటూరులో సూర్యగ్రహణం వైపు తిరిగింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్, సూర్యుడి అంచున లేచే జ్వాలల్లో మెరిసే గీతలు చూశాడు. అవి ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా చూడవచ్చని మరునాడే గుంటూరులోనే నిరూపించాడు. ఆ గీతల్లో పసుపుది ఒకటి ఉంది. మొదట్లో చాలామంది అది సోడియమే అనుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త దాన్ని జాగ్రత్తగా కొలిస్తే 587.5 నానోమీటర్ల దగ్గర వచ్చింది, సోడియం జంటకు కాస్త పక్కన. భూమి మీద ఏ పదార్థంలోనూ చూడని ఆ గీతను ఇచ్చే మూలకానికి హీలియం అని పేరు పడింది. 1895లో రసాయన శాస్త్రవేత్త రామ్సే ఆ వాయువును ఒక యురేనియం ఖనిజం నుంచి రాబట్టి, గొట్టంలో వెలిగించి చూస్తే, అదే పసుపు గీత అదే చోట కనిపించింది.